చింతపండుతో తోమిన గుర్రం

టూంగాబీ అనే ఆ పరదేశపు పేటలో భానుప్రసాద్‌ని ఎరగని తెలుగువాళ్ళు లేరు. రెండు వేల సంవత్సరం ముంచుకు రాకముందే ఒక బ్యాంకు కంప్యూటర్లలో తేదీలు సరిదిద్దడానికి తెనాలి నుంచి వచ్చినవాడు. వారమంతా ఆ గోలే. శనివారం తెల్లారితే చాలు, ఎవరింటి ముందు పాత సామాన్లు అమ్ముతున్నా అక్కడ వంగి వెతుకుతూ కనబడేవాడు.

వెతికేది బొటనవేలి గోరంత ఇత్తడి బొమ్మల కోసం. డెబ్బై ఎనభై ఏళ్ళ కిందట తీపి పేలాల డబ్బాల అడుగున పిల్లలకు బహుమతిగా దొరికినవి. ఏనుగు, ఓడ, కుట్టుమిషను, గుర్రం. రెండేళ్ళలో నలభై ఒకటి పోగేశాడు. ఎవరి పిచ్చి వారికానందం!

ఆ ఆగస్టులో పాత బొమ్మల సంఘం పెద్ద కెవిన్, ఆదివారం ప్రదర్శనలో ఆయనకో బల్ల ఇస్తానన్నాడు. కంప్యూటర్ సంగతి తప్ప ఇంకో సంగతి ఈ దేశంలో ఎవరైనా తనను అడగడం అదే మొదలు. భానుప్రసాద్‌కి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ముందురోజు శనివారమైనా ఆఫీసుకు రమ్మంటే వెళ్ళి, టెస్టింగ్ ముగించుకుని ఇంటికొచ్చేసరికి, భార్య శేషుకుమారి వంటింటి గట్టు మీద బొమ్మలన్నీ ఆరబెట్టి ఉంచింది. నలభై ఒకటీ ధగధగలాడుతున్నాయి.

"పూజ సామానుతో పాటు వీటినీ చింతపండేసి తోమేశానండీ. నలుగురిలో పెట్టేవి, అంత నల్లగా పెడితే వాళ్ళు మనల్నేమనుకుంటారు?"

పాత వస్తువులు సేకరించేవాళ్ళకు ఆ నల్లదనమే ప్రాణం. అది కాస్తా పోతే వస్తువుకు విలువ లేదు.

"ఆ నలుపు కోసమే వాళ్ళొచ్చేది, శేషూ," అన్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది. ఇక తిట్టడానికి మనసొప్పలేదు.

మాటిచ్చాడు కనుక మర్నాడు ఇద్దరూ వెళ్ళి బల్ల పరిచారు. కెవిన్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఓ మేట్! పాలిష్ చేశావా?" అన్నాడు. మిగతా సభ్యులు మర్యాదగా ఒక చూపు చూసి పక్క బల్లకు జరిగిపోయారు. భానుప్రసాద్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పక్కన శేషుకుమారి తలెత్తలేదు.

మధ్యాహ్నం ఒక ముసలావిడ వాకర్ తోసుకుంటూ వచ్చి వాళ్ళ బల్ల ముందు ఆగింది. ఎనభై నాలుగేళ్ళట. గుర్రాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆరేళ్ళప్పుడు నాకిది వచ్చింది. డబ్బా విప్పగానే సరిగ్గా ఇలాగే మెరిసింది. అవతల బల్ల మీద కూడా ఇదే ఉందట, నల్లగా ఉంటే నేను పోల్చుకోలేకపోయాను," అంది. అని, గుర్రాన్ని బల్లగుడ్డ మీద టకటకా పరిగెత్తించింది.

భానుప్రసాద్ రెండేళ్ళుగా వీటిని దాచుకున్నాడే గాని, ఒక్కనాడూ ఆడలేదు. ఏనుగును తీసి గుర్రం వెనకాల తరిమాడు.

"శేషూ, చూస్తావేం? నువ్వూ ఒకటి తీసుకో," అన్నాడు.