తార్యై మతిమరుపు

తార్యై ముసలాయనకు మతి పోయిందని సేతెస్దాల్ లోయంతా చెప్పుకుంటున్నది శుద్ధ అబద్ధం. ఆయనకున్న పిచ్చి ఒక్కటే: ఒకచోట నిలవలేడు. పాత పాటలు నేర్పినా నడుస్తూనే నేర్పుతాడు. కాగితం ముట్టుకోనివ్వడు, ఫోను తియ్యనివ్వడు. "చెవులు రెండున్నాయి, కాళ్లు రెండున్నాయి, ఇంకేం కావాలి? పద!" అంటాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు గడ్డి మొలిచిన కొండవాలు ఎక్కుతూ, మేకల్ని తప్పించుకుంటూ, రొప్పుతూ ఆయన వీపును చూసి పాడాలి.

మతిమరుపు పుకారు పుట్టింది ఆయన చేత పాఠాలు చెప్పించే పాటల సంఘంలోనే. పాడిన పాదమే పదిసార్లు పాడతాడట. పాడినప్పుడల్లా "ఛ! నాకే జారింది, మళ్లీ!" అంటాడట.

పొరుగింటి గున్వోర్‌కు ఇది మింగుడుపడలేదు. పొద్దున్నే మేకల పాలు పితుకుతూ అదే ముసలాయన ముప్ఫై రెండు చరణాల పాట పొల్లుపోకుండా పాడటం ఆవిడ రోజూ వింటూనే ఉంది. వినడమంటే, కంచె మీద సగం దాకా వాలి.

ఆ రోజుల్లో బస్సు నడిపే ఓస్నె ఆయన దగ్గరికి వస్తోంది. ఆదివారం మనవరాలికి బాప్తిస్మం. తన అమ్మమ్మ పాడిన జోలపాట చర్చిలో పాడాలని ఆమె ఆశ. అది తెలిసినవాడు తార్యై ఒక్కడే. చిన్నప్పుడు బళ్లో పంతులు "నువ్వు పెదవులు కదిపితే చాలు" అన్నాక ఓస్నె నలుగురిలో గొంతు విప్పిందే లేదు. పైగా ఆ జోలలో ఒక స్వరముంది, చర్చి ఆర్గన్‌లో రెండు మెట్ల సందున దాక్కునే రకం. చెవితో పట్టుకోవాల్సిందే.

గున్వోర్ బంగాళాదుంపలు తవ్వే నెపంతో సాళ్లలో నక్కింది. తార్యై చేను చుట్టూ తిరుగుతూ పాడాడు. వెనక ఓస్నె పాడింది. స్వరం పైకి ఎగిరింది.

"ఛ! నాకే జారింది, మళ్లీ!"

ఈసారి కిందికి దిగిపోయింది.

"చూశావా, ముసలి గొంతు! మళ్లీ!"

"మీరు బాగానే పాడారనిపించింది నాకు," అంది ఓస్నె రొప్పుతూ.

"నీకేం తెలుసమ్మాయ్! పద, పద!"

పంతొమ్మిదిసార్లు. ఒక్కసారైనా ఆయనకు జారలేదు. ఆ సంగతి గున్వోర్ ముగ్గురికంటే ముగ్గురికే చెప్పింది. సంఘం దాకా మాత్రం పంతొమ్మిది అన్న లెక్క ఒక్కటే చేరింది.

శుక్రవారం మధ్యాహ్నం సంఘమంతా కూర్చుంది, తార్యై తప్ప. ఆయన కుర్చీల మధ్య తిరుగుతున్నాడు.

"కాస్త కూర్చోవయ్యా, నాకు తల తిరుగుతోంది," అన్నాడు అధ్యక్షుడు ఐవిన్, వాఫల్ నములుతూ.

"నీ తల నువ్వు పట్టుకో."

"ఒక్క పాదం పంతొమ్మిదిసార్లట! పాఠాలు ఆపేద్దామనుకుంటున్నాం. ఏమంటావ్?"

తార్యై నోరు తెరిచాడు. వెనక వరుసలో ఓస్నె చెవులు ఎర్రబడ్డాయి. అటు ఒకసారి చూసి నోరు మూశాడు.

"వయసు," అన్నాడు. "జారిపోతోంది."

గున్వోర్ కాఫీ కప్పు ధడాలున బల్ల మీద పెట్టింది. ఆవిడ అందుకునేలోగా (ఆవిడ నోరు ఆలస్యమవడం లోయలో అదే మొదలు) ఓస్నె లేచింది.

"జారింది నాకు. పంతొమ్మిదిసార్లూ నాకే."

నిలబడితే గొంతు వణుకుతుందని కిటికీ వైపు నడక మొదలుపెట్టి, నడుస్తూనే ఆ పాదం పాడింది. సందున దాక్కున్న స్వరం తిన్నగా బయటికొచ్చి కూర్చుంది. ఐవిన్ నమలడం మానేశాడు. పాఠాలు ఆపే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బయట గున్వోర్ ఆయన వెనక ఉరుకులు పెట్టింది.

"ఆగవయ్యా మహానుభావా! అందరి తప్పులూ నీ నెత్తినేసుకుంటావు, సరే. ఇవాళ నీ పాఠాలే పోయేవి! తప్పు నాది కాదని ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

తార్యై ఆగలేదు.

"నోరు తెరిచింది చెప్దామనే, గున్వోరూ. తీరా ఏం చెప్పాలో మర్చిపోయాను."