ఇంటి బస్సు టీచర్‌గారు

మా ఎదురు ఫ్లాటులో ఉండే టీచర్‌గారు మొన్న శుక్రవారం పొద్దున్న కన్నుమూశారు. తెల్లవారుజామున నమాజు చేసుకుని, ఈపూట టీ మీరు పెట్టండి అని భర్తకు చెప్పి కుర్చీలో వెనక్కి వాలారట. ఆయన కప్పుతో వచ్చేసరికి ఆవిడ లేరు. నేను తలుపు తీసేటప్పటికి ఆ కప్పు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"అమ్మాయ్, టీచరమ్మ వెళ్ళిపోయింది" అన్నారు. "నన్ను వెంటేసుకోకుండా ఎక్కడికీ వెళ్ళేది కాదు."

ఆ సాయంత్రమే ఖననం జరిగిపోయింది. మర్నాడు వాళ్ళింట్లో కూర్చున్న ఆడవాళ్ళం ఒకరినొకరు చూసుకుని ఏడుస్తూ ఉన్నాం. అంతలో ఎవరో సూర్యలంక ఇసుక సంగతి ఎత్తారు. ముందు ఒకరు పెదవి బిగపట్టారు, తర్వాత ఇంకొకరు, చివరికి గదంతా నవ్వేసింది. పక్క గదిలోంచి సారు నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. ఆవిడను తలుచుకుంటూ మొహం ముడుచుకుని కూర్చోవడం మాకెవరికీ చేతకాదు.

ఆవిడ మున్సిపల్ స్కూల్లో లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యారు. గుణదలలో మా వీధి మొత్తానికీ ఆవిడ టీచర్‌గారే, ఆయన సారే. సారుకి గవర్నర్‌పేటలో పైపులు, కుళాయిలు అమ్మే దుకాణం ఉండేది. ఆవిడ రిటైరవగానే ఆయన దుకాణాన్ని మేనల్లుడికి అప్పజెప్పి, ఒక కాలేజీవాళ్ళు వదిలించుకున్న పాత మినీ బస్సు కొన్నారు. దాన్ని ఆటోనగర్‌లో పెట్టి సీట్లన్నీ పీకించారు. మంచం, గ్యాస్ పొయ్యి, సింకు, నీళ్ళ ట్యాంకు, వెనక మూల బీరువా అంత బాత్రూమ్ కట్టించారు. కాగితాల మీద అది క్యారవాన్. మా వీధికి మాత్రం ఇంటి బస్సు.

మొదటి ప్రయాణం సూర్యలంక. అలలు దగ్గరగా కనిపించాలని సారు బండిని కాస్త ముందుకు పోనిచ్చారు. వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. జాకీ పెట్టి లేపబోతే బండి లేవలేదు సరిగదా, జాకీయే ఇసుకలోకి దిగిపోయింది. లాగడానికి తాడు లేదు, తవ్వడానికి పార లేదు. ఉన్నదల్లా సారు ఇష్టపడి తెచ్చుకున్న పాటల పెట్టె. చివరికి చేపల వేటకు వచ్చినవాళ్ళు వల తాళ్ళు కట్టి, హైలెస్సా అంటూ లాగారు. ఆవిడ వాళ్ళందరికీ టీ కాచి ఇచ్చి, ఆ జాకీ ఎందుకు దిగిపోయిందో వాళ్ళనే అడిగి తెలుసుకుని వచ్చారు. తర్వాత బండిలోకి ఎక్కిన మొదటి సామాను ఓ దళసరి చెక్క పలక. జాకీ కింద వేయడానికి. దాని వెనకే లాగే తాడూ చిన్న పారా వచ్చాయి.

కొనడం వరకే అయితే ఎవరైనా కొంటారు. కొన్న ప్రతిదాన్నీ ఆవిడ ముందు ఇంట్లో వాడి చూసేవారు. ఓ ఆదివారం పొద్దున్న నేను పాలకి కిందికి వెళ్ళేసరికి, పార్కింగులో దుపట్టా నడుముకి బిగించి, బండి చక్రం ఊడదీయబోతున్నారు. వాచ్‌మన్ కంగారుగా చుట్టూ తిరుగుతున్నాడు.

"టీచర్‌గారూ, బండి బాగానే ఉందిగదండీ?"

"బాగున్నప్పుడే నేర్చుకోవాలయ్యా. పాడయ్యాక రోడ్డు మీద ఎండలో నిలబడి ఎవరు నేర్చుకుంటారు?"

చక్రం నట్లు రాలేదు. ఆవిడేమో సన్నటి మనిషి. స్పానర్ మీద ఎక్కి నిలబడ్డా కదల్లేదు. సారు దుకాణం నుంచి మూరెడు ఇనుప పైపు ముక్క తెప్పించి స్పానర్ కాడకి తొడిగారు. ఈసారి నట్టు కిర్రుమంటూ తిరిగింది. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. పై అంతస్తుల్లోంచి చూస్తున్నవాళ్ళూ కొట్టారు. ఆ పైపు ముక్క ఆనాటి నుంచి బండిలోనే ఉంది.

స్పేర్లు కొనేముందు ఆవిడ అడిగే ప్రశ్న ఒకటుండేది: "ఇది పోతే బండి ఆగుతుందా, మనం ఆగుతామా, లేకపోతే ఊరికే చిరాకేనా?" ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టం, దాన్ని బిగించే క్లాంపులు, ఫ్యూజులు, పంక్చరు సామాను, టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు, బ్యాటరీ దిగిపోతే పక్క బండి నుంచి కరెంటు అందుకునే వైర్లు ఇవన్నీ లేకపోతే బండి ఆగుతుంది. గ్యాస్ ట్యూబు, నీళ్ళ మోటారు ఫ్యూజు, బాత్రూమ్ మూతకి వేసే రబ్బరు రింగు లేకపోతే మనం ఆగుతాం. చిరాకు పెట్టేవి మాత్రం ఇంట్లోనే ఉండాలి. సారు ఇస్త్రీపెట్టె ఈ మూడో జాతిలో చేరింది. ఆయన చాలాకాలం ఒప్పుకోలేదు.

"ముడతల చొక్కాతో నేను ఆగిపోతానోయ్" అనేవారు.

"మీరు ఆగితే నేను నెడతాలెండి" అనేవారు ఆవిడ.

బరువైనవన్నీ కింద, టైర్లకు దగ్గరగా సర్దేవారు. టార్చిలైటు, మందుల డబ్బా, మంటలార్పే సిలిండరు మాత్రం తలుపు పక్కనే ఉండాలి. "మంట లేచాక మంచం కింద వెతుక్కుంటామా?" అని అడిగేవారు నన్ను, నేనేదో అలా చేసినట్టు. ఓసారి నేను, "ఇన్ని స్పేర్లా, మీకు భయం ఎక్కువండీ" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. "భయపడేవాళ్ళు ఇంట్లో ఉంటారు కదమ్మా. ఇవి ఉంటే తొందరపడక్కర్లేదు, అంతే" అన్నారు.

ఆ బస్సు వల్ల మా ఇంట్లో జరిగిన మేలు ఒకటి చెప్పాలి. మా అమ్మకి మోకాళ్ళు పోయాయి. దానికన్నా పెద్ద బాధ, దారిలో బాత్రూమ్ దొరకదేమోనన్న దిగులు. పెళ్ళికి వెళ్ళాలంటే ముందురోజు నుంచే మంచినీళ్ళు మానేసేది. మెల్లగా వెళ్ళడమే మానేసింది. ఎంతో కాలం గుణదల దాటలేదు. ఈ సంగతి అమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. టీచర్‌గారు ఎలా పసిగట్టారో తెలియదు, ఓ రోజు వచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు.

"పిన్నిగారూ, హంసలదీవి వెళ్తున్నాం. కృష్ణ సముద్రంలో కలిసేచోటు. మీరూ రావాలి."

"నావల్ల ఎక్కడవుద్దమ్మా."

"బాత్రూమ్ మనతోపాటే వస్తుందండీ. ఇంకేం కావాలి?"

అమ్మ నా వంక చూసింది. తర్వాత బీరువాలోంచి మంచి చీర తీయమంది.

మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి దాటుకుంటూ వెళ్ళాం. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, పచ్చటి మినుము చేలు చూస్తూ, దారి పొడవునా సీసాలు సీసాలు మంచినీళ్ళు తాగింది. చల్లపల్లి దాటాక రోడ్డు పని జరుగుతోందని బళ్ళను కాలువ గట్టు మీది సన్నదారికి మళ్ళించారు. కొంతదూరం పోయాక, మాకు ముందు వెళ్తున్న ఓ పెళ్ళి బస్సు ఆగిపోయి ఉంది. పూలదండలు వేలాడుతున్నాయి, ముందునుంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. దాన్ని దాటి పోవడానికి చోటు లేదు.

సారు బండి ఆపారో లేదో, ఆవిడ దిగి పరుగెత్తారు. ఆ బస్సు డ్రైవరు గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తీయబోతున్నాడు.

"ఆగు బాబూ! మూత ముట్టుకోకు, మొహం కాలుద్ది. ముందు చల్లారనీ!"

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ మగపెళ్ళివారు ఒకటే గోల. ముహూర్తం దగ్గరపడుతోంది. పెళ్ళికొడుకును బైకు మీద పంపేద్దామని తండ్రి అంటున్నారు. బాసికం కట్టుకున్న ఆ అబ్బాయి మాత్రం బస్సు మెట్టు మీద కూర్చుని కదలనంటున్నాడు.

"మామ్మ లేకుండా నేను తాళి కట్టను నాన్నా. నన్ను పెంచింది ఆవిడ."

ఆ మామ్మగారు బస్సులో ఉన్నారు. తుంటి ఎముక విరిగి కోలుకుంటున్నారు. బైకు మీద గాని ఆటోలో గాని కూర్చోలేరని, సీట్లు తీయించి పరుపు వేసి పడుకోబెట్టి తీసుకెళ్తున్నారు.

ఆవిరి తగ్గాక చూస్తే రేడియేటర్ పైగొట్టం నిలువునా చీలి ఉంది. మా బండిలోని స్పేర్ గొట్టం తెచ్చి పెట్టి చూశారు. మాది సన్నం, వాళ్ళది లావు. టీచర్‌గారి మొహం ఒక్క క్షణం వాడిపోయింది. వెంటనే తిరిగి వెళ్ళి, నల్లటి రబ్బరు టేపు చుట్టా పెద్ద క్లాంపులూ తెచ్చారు. ఆ టేపు అంతకుముందు మా మేడ మీద మొక్కలకు నీళ్ళు పెట్టే పైపు మీద వాడి చూశారంతే. ఆరోజు పైపు చివర పట్టుకుని కూర్చున్నది మా అమ్మే.

"దీనికి జిగురుండదు బాబూ. బాగా సాగదీసి చుడితే దానికదే అతుక్కుంటుంది. తడి ఉండకూడదు. గొట్టం పొడిగా తుడువు" అన్నారు. డ్రైవరు తుడిచి, గొట్టాన్ని కదలకుండా పట్టుకున్నాడు. ఆవిడ టేపు సాగదీస్తూ, పొర మీద పొర చుట్టారు. క్లాంపులు ఎక్కడ పడితే గట్టిగా నిలుస్తాయో డ్రైవరు చూపించాడు. అక్కడే బిగించారు. సారు కాలువ నీళ్ళు గుడ్డలో వడగట్టి నెమ్మదిగా పోశారు.

ఇదంతా జరుగుతుండగా మా అమ్మ, ఎవరూ చెయ్యి ఇవ్వకుండానే బండి దిగి, ఆ బస్సు కిటికీ దగ్గర నిలబడింది. కాసేపటికి నన్ను పిలిచి చెవిలో చెప్పింది.

"ఆవిడ పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదే. నాకు తెలుసు. మన బండిలోకి తీసుకురండి."

పెళ్ళికొడుకే మామ్మను పరుపుతో సహా ఎత్తించి తెచ్చాడు. అమ్మా నేనూ కలిసి ఆవిడను మా బాత్రూమ్‌కి తీసుకెళ్ళాం. బయటికి వచ్చాక మామ్మగారు రెండు గ్లాసుల నీళ్ళు ఆగకుండా తాగి, మా మంచం మీద పడుకుని, మా అమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ ఒక బళ్ళో చదువుకున్నవాళ్ళలా నవ్వుకున్నారు.

పెళ్ళి బస్సు ఇంజను పలికింది. అందరూ టేపు వంకే చూస్తున్నారు. చెమ్మ కూడా రాలేదు. ఎవరో ఈల వేశారు.

"మూత వదులుగానే ఉంచు బాబూ. ఊరేగింపు నడిపినట్టు నడుపు. ఊళ్ళోకి వెళ్ళగానే కొత్త గొట్టం వేయించుకో, దీన్ని నమ్ముకోకు" అన్నారు టీచర్‌గారు.

పెళ్ళికొడుకు మామ్మ దగ్గరే మా బండిలో ఉండిపోయాడు. అలా ఆరోజు ఆడపెళ్ళివారి వాకిట్లోకి మగపెళ్ళివారు ఇంటి బస్సులో వచ్చారు. సన్నాయి మేళం బాత్రూమ్ ఉన్న బండికి ఎదురొచ్చింది. సారు హారన్ మోగిస్తూనే ఉన్నారు. మామ్మగారు ముందు వరుసలో మంచం మీద ఆనుకుని తాళి కట్టడం చూశారు. పక్క కుర్చీలో మా అమ్మ. ఆ పక్కన, ఎంత వద్దన్నా వినకుండా కూర్చోబెట్టిన టీచర్‌గారు. పెళ్ళికొడుకు తండ్రి వచ్చినవాళ్ళందరికీ "మా టీచర్‌గారండీ" అని పరిచయం చేస్తుంటే, మా సారు పక్కన నిలబడి, "మా ఆవిడేనండీ" అని సరిదిద్దుతున్నారు, ముడతల చొక్కాలో.

ఇప్పుడు సారు మాతోపాటే రెండు పూటలా భోంచేస్తున్నారు. నిన్న పెరుగు కలుపుకుంటూ ఉన్నట్టుండి, "పిన్నిగారూ, ఈ వేడి తగ్గాక ఎటైనా పోదామా? సామాను నేను సర్దలేను. మీ అమ్మాయికి నేర్పుతా" అన్నారు. అమ్మ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "కాకినాడ చూడలేదు నేను" అంది. ఈ ఆదివారం నేను ఆ చక్రం ఊడదీయాలట. వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచాను.

టీచర్‌గారు అనగానే నా కళ్ళకు కట్టేది మాత్రం ఆ పెళ్ళి మధ్యాహ్నమే. భోజనాలయ్యాక పెళ్ళికూతురి చెల్లెలు గోరింటాకు కోన్ పట్టుకుని వచ్చి, "చేతులివ్వండి టీచర్‌గారూ" అంది. ఆవిడ సిగ్గుపడి చేతులు వెనక్కి దాచుకున్నారు. "గ్రీజు మరకమ్మా, ఎంత రుద్దినా పోలేదు" అన్నారు. ఆ పిల్ల నవ్వి, "దానిమీదే పెట్టేస్తానండీ" అంటూ చేతులు లాక్కుంది. తర్వాత మేము సముద్రం వైపు బయల్దేరాం. బండి మలుపు తిరిగినప్పుడు వెనక్కి చూశాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, ఆరడానికని రెండు అరచేతులూ గాలికి పట్టుకుని ఉన్నారు. వేళ్ళ గీతల్లో నల్లటి గ్రీజు, దాని మీద పచ్చి గోరింటాకు తీగలు. ఎదురుగా కృష్ణ వెడల్పవుతూ పోతోంది. ఆవిడ చేతులు కదపకుండా, ముక్కు దురద పెడుతోందని, గోకమని బండి నడుపుతున్న సారును బతిమాలుతూ, ఆపుకోలేక నవ్వుతున్నారు.