ఆమెన్ తర్వాత సూది

మా అత్తకు నా చక్కెర జబ్బు మీద కోపం లేదు. అది నలుగురికీ తెలుస్తుందేమోనన్నదే ఆమె బాధ. మా ఇంట్లో ఎక్కడైనా సూది వేసుకోవచ్చు. చుట్టాల ఇంట్లో అయితే స్నానాల గదిలోకి పోవాలి. "మన ఇంట్లో రోగం ఉండాదని ఊరంతా టముకు వెయ్యాల్నా?" అనేది. తడి బకెట్ పక్కన నిలబడి పొట్టలో సూది గుచ్చుకుంటుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉండేది. దొంగతనమైతే కనీసం ఏదో ఒకటి చేతికి దక్కేది.

కర్నూలులో డాక్టరమ్మ నా ఇన్సులిన్ మార్చింది. పాతది అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. కొత్తది పెన్నులో వస్తుంది, వేసుకున్న కాసేపటికే పని మొదలుపెడుతుంది. "అన్నం ముందర పెట్టుకొని వేసుకోమ్మా. వేసుకున్నాక తినకుండా కూర్చోవద్దు, చక్కెర పడిపోతాది" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఇందులో కష్టమేముంది అనుకున్నాను. డాక్టరమ్మకు మా ప్రార్థనల సంగతి తెలియదు.

మా మరిది కోయిలకుంట్లలో ఇల్లు కట్టుకొని కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టాడు. కూడిక అయ్యాక బంతి భోజనాలు. మా వాళ్లలో ఆకుల్లో అన్నీ వడ్డించాక చర్చి సంఘ పెద్ద లేచి ప్రార్థన చేస్తాడు. ఆయన ఆమెన్ అనేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. ఆమెన్ తర్వాత బంతిలోంచి లేచిపోతే వడ్డించినవాళ్లను అవమానించినట్టు. అందుకని పలావు బేసిన్లు బయటికి రాగానే అత్త నన్ను మోచేత్తో పొడిచింది. నేను స్నానాల గదిలోకి పోయి సూది వేసుకొని వచ్చి కూర్చున్నాను.

ఆ రోజు ప్రార్థనకు లేచినాయన ఎక్కడో దూరపు ఊరి సంఘ పెద్ద. ఇంత దూరం పిలిపించినందుకు లోటు చేయకూడదనుకున్నాడో ఏమో, ముందు ఇంటిని ఆశీర్వదించాడు. తర్వాత కట్టిన మేస్త్రీని, బేతంచెర్ల బండలు తోలిన లారీని, ఆ లారీ డ్రైవరును, కోడుమూరు పక్క వాన లేక ఎండుతున్న శనగ చేలను వరసగా జ్ఞాపకం చేసుకున్నాడు. ఆకులో మటన్ కూర చల్లబడుతోంది. నా మెడ మీద చెమట పట్టింది. వేళ్లు వణకసాగాయి. ఆకు మీదికి చెయ్యి పోతే, అత్త కళ్లు తెరవకుండానే నా మణికట్టు పట్టుకుంది.

"ఊరికే ఉండు మే, అయిపోతాది" అంది.

ఆయన అప్పుడే దేశ నాయకుల దగ్గరికి వచ్చాడు.

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. ఇంతమంది క్షేమం అడుగుతున్న చోట నేనొక్కదాన్నే చచ్చేట్టున్నాను. చెయ్యి విదిలించుకొని, ఆకు పక్కనున్న కూల్ డ్రింక్ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను. తర్వాత కేసరి నోట్లో కుక్కుకున్నాను, దాని మీద పలావు. నములుతున్న చప్పుడు నాకే వినిపించింది. చుట్టూ ఒక్కో కన్ను తెరుచుకుంది. తెరుచుకోనీ అనుకొని ఇంకో ముద్ద కలిపాను.

ఆమెన్ అయ్యాక అత్త పళ్లు కొరికింది. "దేవుని ముందర అంత ఆత్రమా? పరువు తీస్తివి కదే!"

"నేను ఈడ పడిపోయింటే ఆయప్ప నా కోసం ఇంకో ప్రార్థన చేయాల్సొచ్చేది అత్తా. అది దీనికంటే శానా పొడుగుంటాది" అన్నాను. గట్టిగానే అన్నాను. అత్త నా వీపు మీద చెయ్యి వేసింది. జాకెట్టు చెమటకు తడిసి ముద్దయి ఉంది.

తిరుగు బస్సులోనే చెప్పేశాను. ఇక మీద నేను ఎవరింటి స్నానాల గదిలోకీ పోను. బంతిలోనే, ఆమెన్ తర్వాతే, అందరి ముందరే వేసుకుంటాను. "నీ ఇష్టం" అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

తర్వాతి బంతి మా బేతంచెర్ల చర్చిలో, ఒక పెళ్లికి. ఆమెన్ అనగానే సంచిలోంచి పెన్ను తీశాను. చీర కట్టుకున్నందుకు అదొక లాభం, పొట్ట పక్కన చోటు వెతుక్కోనక్కర్లేదు. అత్త అలవాటుగా కొంగు అడ్డం పెట్టబోయింది. ఆ కొంగు తీసి ఆమె ఒళ్లోనే పెట్టాను. సూది వేసుకొని, పెన్ను అందరికీ కనిపించేట్టు ఆకు పక్కనే ఉంచాను. ఎదురు వరసలో ఒకామె ముద్ద చేతిలో పట్టుకొని కన్నార్పకుండా చూస్తోంది. పక్కామె చెవిలో ఏదో అంది.

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"ఏం చూస్తాండావమ్మా? మా కోడలు సూది వేసుకొని తింటాది. నువ్వు తిను, చల్లగైపోతాది."