బోధన్ దారిలో నా మోర్చా

ఆదివారం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలియాలంటే, పెళ్లికాని వయసులో, తెలిసినవాడు ఒక్కడూ లేని ఊళ్లో ఉద్యోగం చేయాలి. తొంభైల మొదట్లో నేను నిజామాబాద్‌లో సరిగ్గా ఆ పనే చేశాను. నేను పుట్టి పెరిగింది పట్నంలో, మాట్లాడాలంటే మన వంతు వచ్చేదాకా ఆగాల్సినంత మంది ఉన్న ఇంట్లో. ఇక్కడ పసుపు యార్డు వెనక నా అద్దె గదిలో వంతంతా నాదే, వినేవాళ్లే లేరు. శనివారం సాయంత్రం ఆఫీసులో అందరికీ వెళ్లొస్తానని చెప్పాక మళ్లీ సోమవారం పొద్దున దాకా నా నోటివెంట వచ్చే మాటలు "ఒక చాయ్", ఇంకాసేపటికి "ఇంకో చాయ్". ఆ ఒంటరితనం తట్టుకోలేక సైకిల్ కొన్నాను. (ఇలాంటప్పుడు కొందరు పెళ్లి చేసుకుంటారు. నాకంత ధైర్యం లేదు.)

అది మామూలు సైకిల్ కాదు. గుట్టలెక్కే గేర్ల సైకిల్, లావు టైర్లు, అడ్డంగా ఇనుప కడ్డీలాంటి హ్యాండిల్. పట్నం నుంచి బస్సు మీద వేయించుకుని వచ్చాను. బస్టాండు దగ్గర పంక్చర్లు వేసే అన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "సార్, గీ సైకిల్‌కు మడ్‌గార్డ్ లేదు, క్యారియర్ లేదు, గంట లేదు, స్టాండ్ గూడ లేదు. ఎవలెత్కపోయిండ్రు?" అని జాలిగా అడిగాడు. కంపెనీవాళ్లు తయారు చేయడమే అలా చేశారని చెబితే నమ్మలేదు. "మిమ్ముల మోసం జేసిండ్రు సార్" అన్నాడు. నేను నిజామాబాద్‌లో ఉన్నంతకాలం ఎప్పుడు కనపడినా, దొంగలు దొరికారా అన్నట్టే చూసేవాడు.

మొదట సిరికొండ వైపు గుట్టలెక్కాను. ఆయాసపడుతూ పైకి చేరి చూస్తే చుట్టూ అడవి, చల్లటి గాలి, కింద ఎక్కడో పొగ. "ఆహా" అన్నాను. పక్కన ఎవరూ లేకుండా ఆహా అనడం ఎంత వెర్రిగా ఉంటుందో అన్నాక తెలిసింది. అందుకే గుట్టలు మానేసి, మనుషులు తగిలే బోధన్ దారి పట్టాను. ఆ దారిలో ఊరికొక పాత బురుజు, బురుజుకు తుపాకీ గొట్టం పెట్టే కంతలు. వాటి కింద నీడలో కూర్చున్న ముసలివాళ్లను కదిలిస్తే చాలు, రజాకార్ల కాలం, ఆ వెంటనే పోలీసు యాక్షన్‌లో సైన్యం దిగిన రోజులు, ఊళ్లకు ఊళ్లు చెరుకు తోటల్లో దాక్కున్న సంగతులు చెప్పేవాళ్లు. "తోటల దాక్కోవాల్నంటే దగ్గు రావొద్దు సార్, గంతే. నాకేమో పుట్టుకతోటి దగ్గు" అని ఒక తాత చెబితే, చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికి వందోసారి విన్నట్టు నవ్వారు. వాళ్లు జంగు అనే ఆ యుద్ధం కథల కన్నా ఆ నవ్వు మీదే నాకు అసూయ కలిగింది.

విన్నదంతా సోమవారం ఆఫీసులో చెప్పబోయేవాణ్ని. అక్కడ నాకు దగ్గరి బల్లల వాళ్లు ఇద్దరు. టైపు చేసే పెద్దమనిషిని మేమంతా పాన్ సాబ్ అనేవాళ్లం, నోట్లో పాన్ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు గనక. ఇంకొకరు చర్చి అక్క. మెథడిస్టు చర్చిలో పాటల బృందానికి పెద్ద, రశీదులు కూడా రాగంతోనే చదివేది. "నిన్న సైకిల్ మీద వెళ్తుంటే..." అని నేను మొదలుపెట్టగానే పాన్ సాబ్‌కు అర్జెంటుగా కాగితం ఎక్కించాల్సి వచ్చేది. అక్క మాత్రం, "మంచిది తమ్మీ, ఎండల తిరగకు" అని ప్రార్థన ముగించినట్టు ముగించేది. ఎవరైనా ఒక్కరు "తర్వాత?" అని అడిగితే చాలని ఉండేది నాకు. అంతకంటే పెద్ద కోరికేమీ లేదు.

అలాంటి రోజుల్లో బోధన్ దాటి మంజీర వైపు వెళ్లే బండ్లబాటలో, చెరుకు తోట గట్టున నా కంట పడింది అది. భూమిలోకి గుండ్రంగా తవ్విన పెద్ద గుంత. చుట్టూ రాతి కట్టడం. ఒక పక్క మనిషి పాకగలిగేంత సొరంగం, రెండో పక్క సన్నటి కంత. లోపలి రాళ్లన్నీ మసిబారి నల్లగా ఉన్నాయి. సిపాయిలు దాక్కుని తుపాకులు పేల్చే మోర్చా! సన్నటి కంత గొట్టానికి, సొరంగం పారిపోవడానికి, మసి తుపాకీ మందుది. సైకిల్‌ను చెరుకు మీద పడేసి లోపలికి దూకాను. జానలు వేసి గోడలు కొలుస్తుంటే, పక్క గుడిసెలోంచి ఒక అవ్వ వచ్చి ఒడ్డున నిలబడింది.

"ఏం పోయింది బిడ్డా?"

"ఏం పోలేదవ్వా. ఇది ఎప్పటిది? జంగు కాలం నాటిదా?"

"జంగు కంటె ముందుదే. నేను కాపురానికొచ్చిన్నాటికే ఉన్నది" అంది అవ్వ.

ఎప్పటిదని అడిగాను గానీ, ఏమిటని అడగలేదు. చదువుకున్నవాణ్ని కదా, ఏమిటో నాకు తెలుసు.

ఆ సోమవారం నేను మోర్చా గురించి చెబుతుంటే పాన్ సాబ్ చేతులు మిషన్ మీద ఆగిపోయాయి. నమలడం కూడా ఆపి, పాన్ బుగ్గన పెట్టి, "ఫిర్?" అన్నాడు. నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన "తర్వాత" అదే, ఉర్దూలో వచ్చింది. సంతోషం పట్టలేక సొరంగాన్ని కాస్త పొడిగించాను. చర్చి అక్క రశీదు పుస్తకం మూసేసింది. "మాకు జూపియ్యవా తమ్మీ?" అంది. ఆదివారం ఆమెకు చర్చి గనక రెండో శనివారం వెళ్దామనుకున్నాం. వాళ్లు బోధన్ దాకా బస్సులో వచ్చి, అక్కడ అద్దె సైకిళ్లు తీసుకోవాలి. నేను నా సైకిల్ మీదే వెళ్లి కలవాలి. వెళ్లేముందు దాన్ని తుడిచి, చక్రాలకు నూనె వేశాను. అతిథులు వస్తున్నారంటే ఇల్లు ఊడ్చుకోమా, అలాగే.

ఆ రోజు ముగ్గురం బండ్లబాటలో వెళ్తుంటే నాకు నేనే పెళ్లికొడుకులా అనిపించాను. పాన్ సాబ్ సైకిల్‌కు బ్రేకులు లేవు, ఆయన ఆగాలంటే ఏదో ఒక చెరుకు గుబురులోకి వెళ్లాల్సిందే. అక్క టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకుని, రాళ్లు వచ్చినప్పుడల్లా "ప్రభువా" అంటూ తొక్కింది. గుంత దగ్గరికి చేరాం. నేను చేతులు చాచి మొదలుపెట్టబోతున్నాను, అంతలో గుడిసెలోంచి అవ్వ వచ్చింది. పాన్ సాబ్ నన్ను వదిలేసి నేరుగా ఆవిణ్నే అడిగాడు. "అమ్మా, ఇది సిపాయిల మోర్చానేనా?"

అవ్వ గుంత వంక చూసింది. చెమటలు కారుతున్న పాన్ సాబ్‌నీ, చీర కుచ్చిళ్లకు ముళ్లు పట్టిన అక్కనీ చూసింది. చివరికి నన్ను చూసింది. నా మొహంలో ఏం కనపడిందో ఏమో.

"అవ్ కొడుకా, మోర్చానే. గీడనే దాక్కున్నరు. గా కంతలకెళ్లి తుపాకి వెట్టి కాల్చిండ్రు. నేను సూసిన" అంది.

"ఏ సిపాయిలు? ఇటువైపు వాళ్లా, అటువైపు వాళ్లా?"

అవ్వ ఒక్క క్షణం తడబడింది. "ఆకలి మీదున్నరు కొడుకా. జొన్నరొట్టె ఇస్తె తిన్నరు. ఎటోళ్లని నేను అడగలె" అంది.

అక్క కళ్లు తుడుచుకుని టిఫిన్ డబ్బా విప్పింది. మోర్చా గట్టు మీద కూర్చుని నలుగురం పులిహోర తిన్నాం. అవ్వ చెరుకు గడలు విరిచి ఇచ్చింది. ఆ ఊరికి వచ్చాక నేను ఒక్కణ్నే తినని మధ్యాహ్నం అదే.

సాయంత్రం బస్సు అందుకోవాలని వాళ్లిద్దరూ ముందు బయల్దేరారు. నేను గుడిసె గోడకు ఆనించిన సైకిల్ తీసుకుంటుంటే అవ్వ దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "గది బెల్లం పొయ్యి బిడ్డా. మీద పెద్ద కడాయి వెట్టి చెరుకు పాలు కాగవెడుతుంటిమి. గా పెద్ద కంతలకెళ్లి పిప్పి మంటేస్తుంటిమి, గా సన్నది పొగ పోనీకి. ఫ్యాక్టరికి చెరుకు పోవుడు వెట్టినంక ఆర్పేసినం."

నాకు భూమిలోకి పోవాలనిపించింది. పోవడానికి అది సొరంగం కూడా కాదు, పిప్పి తోసే దారి. "మరి వాళ్లతో అట్ల ఎందుకు చెప్పినవ్ అవ్వా?"

"గంత దూరంకెళ్లి వొచ్చిండ్రు, పొయ్యి సూసి పోతరా? గదీగాక, మొన్న నువ్వు ఒక్కనివే వొచ్చినవు. గియ్యాల నీ ఎంబడి ఇద్దరొచ్చిండ్రు" అంది.

నిజామాబాద్ దాకా తొక్కుతూ ఆ మాటే తలచుకుని ఏడ్చాను. గాలికి కళ్లలో నీళ్లొస్తాయి, అది వేరే. (ఆ రోజు గాలి లేదు.)

పాన్ సాబ్ తర్వాత రెండు రోజులు నిలబడే టైపు చేశాడు. ఆ ఇద్దరూ మళ్లీ ఎప్పుడూ సైకిల్ ఎక్కలేదు. కానీ సోమవారం నేను రాగానే ఆయన పాన్ బుగ్గన పెట్టి "ఫిర్?" అనేవాడు. ఆ ఒక్క మాటతో వారమంతా గడిచేది. మరుసటి ఏడాది నాకు బదిలీ అయింది, ఆయన రిటైరయ్యాడు. పొయ్యి సంగతి ఆయనకు చివరిదాకా చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత, జుట్టు నెరిశాక, మళ్లీ ఒక గేర్ల సైకిల్ కొని ఆ బాట పట్టాను. (ఈసారి కూడా ఒక్కణ్నే. ఇంట్లో అందరూ పనిలో ఉన్నారు, ఫోన్లలో ఉన్నారు.) అవ్వ గుడిసె లేదు, అవ్వ కూడా లేదు. గుంత మాత్రం చుట్టూ ముళ్లకంప తీసేసి, అంచులకు సున్నం వేసి ఉంది. పక్కన నులక మంచం మీద, అడవి పందులు రాకుండా తోటకు కాపలా ఉండే మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు. ఆ రోజుకు అతనికి దొరికిన మొదటి మనిషిని నేనేనని తెలుస్తూనే ఉంది.

"గిది మోర్చా సార్. జంగుల సిపాయిలు గీడకెళ్లే కాల్చిండ్రు. మా ఊరి అవ్వ ఆల్లకు రొట్టెలు జేసి వెట్టింది. ఉత్త మాట గాదు, అప్పట్ల ఒక పెద్దాఫీసర్ సైకిల్ మీద వొచ్చి, ఇందులకు దుంకి, కొలతలు తీస్కోని ఢిల్లీకి రాసిండట!"

నేను గుంతలోకి చూశాను. గేర్ల సైకిల్ వాడొకడు, మసి రాళ్ల మీద జానలు వేస్తూ, చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరికిందన్న ఆనందంతో గెంతుతున్నాడు. పిచ్చివాడు. వాడికి మడ్‌గార్డు కూడా లేదు. ఇది బెల్లం పొయ్యి అని చెప్పడానికి నోరు తెరిచాను. కాపలా మనిషి నా మొహంలోకే చూస్తున్నాడు, వింటానా, వెళ్లిపోతానా అని.

"మల్ల ఏమైంది?" అని అడిగాను.

అతని మొహం వెలిగింది. తువ్వాలతో మంచం దులిపి, ఒక పక్కకు జరిగి, నాకు చోటిచ్చాడు.