ఒక్క పూట ప్రకాష్

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నేను ఒక యూనివర్సిటీ వదిలి ఇంకో యూనివర్సిటీకి మారిపోదామనుకున్నాను. చివరికి మొదటిది వదల్లేదు, రెండోదానిలో చేరలేదు, మధ్యలో నా పేరు మాత్రం పోగొట్టుకున్నాను. పరువు పోతే పేరు పోయిందంటారే, అదీ పోయిందనుకోండి. కానీ దానికంటే ముందు పోయింది అచ్చంగా పేరే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, వినండి.

నా పేరు జగదీష్. మాది చెన్నైలో చింతాద్రిపేట. ముత్తాతల నాటి నుంచీ ఆ సందుల్లోనే ఉంటున్నాం. నాయనది కళ్లద్దాల ఫ్రేముల కొట్టు. నేను చదివింది షోళింగనల్లూరు దాటాక వచ్చే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో, కంప్యూటర్ సైన్సు. రోజూ కాలేజీ బస్సులో ఐటీ కంపెనీల అద్దాల మేడలన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ పోయి, గేదెలు మేసే చిత్తడి నేల పక్కన దిగేవాళ్లం. ఉద్యోగాలన్నీ వెనకే ఉండిపోతున్నాయి, మనం గేదెల దగ్గరికి చేరుతున్నాం అని రోజూ నాకు దిగులు.

గేదెలతోనైనా సర్దుకునేవాణ్ణేమో కానీ, రేవతి మేడమ్‌తో నావల్ల కాలేదు. ఒంగోలు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన ఆవిడ మాకు డేటా స్ట్రక్చర్స్ చెప్పేవారు. ఆవిడ క్లాసులో కంప్యూటర్ ముట్టుకోవాలంటే ముందు ప్రోగ్రామంతా తెల్లకాగితం మీద పెన్నుతో రాయాలి. రాశాక మనమే కంప్యూటరైపోయి, ఒక్కో వరుస మీదా వేలు పెట్టి, ఇక్కడేం జరుగుతుందో పైకి చెప్పాలి. ఎక్కడో ఒకచోట వేలు ఆగిపోతుంది. ఆవిడ తిట్టరు, అరవరు. ఇంకో తెల్లకాగితం ఇస్తారు. తెల్లకాగితానికి మనిషిని ఏడిపించే శక్తి ఉందని నాకు ఆ క్లాసులోనే తెలిసింది.

సరిగ్గా అప్పుడే వేణుగాడు తగిలాడు. స్కూల్లో నా పక్క బెంచీవాడు, నగరం నడిమధ్య ఉన్న పెద్ద పేరున్న యూనివర్సిటీలో అదే చదువు చదువుతున్నాడు. వాళ్ల క్లాసులో ఏసీ ఉంటుందట, అందరూ లాప్‌టాప్‌లు తెరుచుకునే కూర్చుంటారట, కాగితమనేది క్యాంటీన్లో బజ్జీల కింద తప్ప ఎక్కడా కనపడదట. ఇంతకంటే ఏం కావాలి నాకు? ఆ సాయంత్రమే ఇంట్లో ప్రకటించేశాను, యూనివర్సిటీ మారుతున్నానని.

నాయన మురిసిపోయాడు. మర్నాటి నుంచి కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పడం మొదలుపెట్టాడు. ముక్కు మీద కొత్త ఫ్రేము, చేతిలో అద్దం ఉన్న మనిషి ఎక్కడికీ పారిపోలేడు కదా, పాపం అందరూ విన్నారు. నేను వీధిలోకొస్తే ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఆపి మెచ్చుకునేవాళ్లు. అమ్మ ఒక్కతే అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఆడ బాగుంటాదని నీకెట్ల తెలిసెరా?"

ఏసీ ఉందట అని పైకి చెప్పలేను కదా. ఒకరోజు పోయి వాళ్ల క్లాసులో కూర్చుని చూద్దామనుకున్నాను. ఈ కథ మొత్తం మీద నేను చేసిన తెలివైన ఆలోచన అదొక్కటే. దాన్ని కూడా చెడగొట్టాను.

ముందురోజు, నాకు జ్వరంగా ఉంది, రేపు రాలేనని రేవతి మేడమ్‌కు మెసేజ్ పెట్టాను. విశ్రాంతి తీసుకో, రేపు నేనూ కాలేజీకి రావడం లేదులే అని ఆవిడ జవాబిచ్చారు. నాకు పండగైపోయింది. ఆవిడ ఎక్కడికి పోతున్నారో ఆలోచిద్దామని మాత్రం తోచలేదు.

మర్నాడు గేటు దగ్గర కొంచెం జంకాను. వేణు ధైర్యం చెప్పాడు.

"సుమ్మా వచ్చి వెనక కూర్చోరా. అంతమందిలో నిన్నెవరు కనుక్కుంటారు?"

సుమ్మా అంటే ఊరికే అని. మా ఊళ్లో ఘోరాలన్నీ ఆ మాటతోనే మొదలవుతాయి. చివరి వరసలో కూర్చున్నాక వాడు ఇంకో చిన్న సాయం అడిగాడు. వాడి స్నేహితుడు ప్రకాష్ ఆరోజు రాలేదట, హాజరు మరీ తక్కువగా ఉందట, పేరు పిలిచినప్పుడు నేను పలికితే చాలట. ఏసీ చల్లదనానికి బుర్ర గడ్డకట్టిందో ఏమో, ప్రకాష్ అనగానే "ప్రెజెంట్ సార్" అన్నాను.

శ్రీనివాసన్ సార్ పెద్దాయన. రిజిస్టర్లోంచి మెల్లగా తలెత్తారు. ఆయనకు ప్రకాష్ మొహం తెలియదు, తెలిసేంత తరచుగా ప్రకాష్ ఎప్పుడూ రాలేదు. ఇవాళ దర్శనమిచ్చినందుకు చాలా సంతోషమని చెప్పి, బోర్డు దగ్గరికి రమ్మన్నారు.

ఆ నడక నేను మర్చిపోలేను. నేను ప్రకాష్‌ను కానని క్లాసంతటికీ తెలుసు, తెలియనిది ఆయనొక్కరికే. టపటపా లాప్‌టాప్‌లన్నీ మూసేసి, సినిమా మొదటి ఆట చూడ్డానికి వచ్చినట్టు అందరూ సర్దుకుని కూర్చున్నారు. లింక్డ్ లిస్టు తిరగేసే ప్రోగ్రాం రాయమని సార్ చాక్‌పీసు చేతికిచ్చారు. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడ్డ సమాచారాన్ని, చేతులు విడిపోకుండా వెనక్కి తిప్పి నిలబెట్టాలన్నమాట.

నేను బోర్డు వైపు తిరిగాను. తర్వాత ఏం జరిగిందో నాకే సరిగా తెలియదు. నా చెయ్యి రాసుకుంటూ పోయింది. రేవతి మేడమ్ దగ్గర ఎన్ని కాగితాలు పాడుచేశానో, అవన్నీ వరసగా వచ్చి బోర్డు మీద వాలాయి. రాశాక ఎవరూ అడక్కుండానే మొదటి వరస మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. ఎక్కడా ఆగలేదు. సార్ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. క్లాసు చప్పట్లు కొట్టింది.

అక్కడితో కూర్చుని ఉంటే బతికిపోయేవాణ్ణి. కానీ చప్పట్లు నెత్తికెక్కాయి. ఇంకా ఏమైనా రాయమంటారా సార్ అని అడిగాను. ఆయన ఉప్పొంగిపోయి, నా భుజం మీద చెయ్యి వేసి, డిపార్ట్‌మెంటు గదికి నడిపించారు. ప్రాక్టికల్ పరీక్షలకు వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చారట, ఆవిడకు నన్ను చూపించాలట.

ఆ గదిలో కాఫీ తాగుతూ రేవతి మేడమ్ కూర్చుని ఉన్నారు.

"మేడమ్, వీడు మా ప్రకాష్" అన్నారు సార్ గర్వంగా.

జేబులో మా కాలేజీ ఐడీ కార్డు బతికున్న పీతలా గిల్లుతున్నట్టనిపించింది. ఆవిడ ఒక్క మాటంటే చాలు, నన్ను రెండు యూనివర్సిటీలూ కలిసి రోడ్డు మీద పడేస్తాయి. మారాల్సిన అవసరం ఇక జన్మలో ఉండదు. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"చక్కగా తయారుచేశారు సార్. అచ్చం ఇలాంటి కుర్రాడే మా క్లాసులో ఒకడున్నాడు. పాపం, ఇవాళ జ్వరం."

తొందరగా తగ్గాలని శ్రీనివాసన్ సార్ మనస్ఫూర్తిగా కోరుకున్నారు. తగ్గిపోతుందిలెండి సార్ అని నేనే హామీ ఇచ్చాను.

మధ్యాహ్నం దాకా గేటు బయటే నిలబడ్డాను. ఎలాగూ పడాల్సిన తిట్లు క్లాసులో అందరి ముందూ కంటే అక్కడే పడితే నయమనిపించింది. ఆవిడ వచ్చారు. తిట్టలేదు. ఇక్కడికెందుకొచ్చావని అడిగారు. గేదెల దగ్గర్నుంచి తెల్లకాగితాల దాకా అంతా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విని, మారడం తప్పేం కాదన్నారు. సిలబస్ వరస వేరు కాబట్టి కొన్ని సబ్జెక్టులు జూనియర్లతో కూర్చుని మళ్లీ చదవాల్సి రావచ్చు, ముందు అది కనుక్కోమన్నారు.

"నిజంగా మారాలనుంటే చెప్పు, హెచ్‌ఓడీతో నేనే మాట్లాడతాను. కానీ ఎందుకు మారుతున్నావో ముందు నీకు తెలియాలి కదయ్యా."

పొద్దున బోర్డు ముందు నన్ను నిలబెట్టింది ఏసీ కాదని ఆ పాటికి నాక్కూడా అర్థమైంది. ఆ మాట ఆవిడతో అనడానికి మొహమాటమేసి, ఇంకో నిజం చెప్పాను.

"ఇంక మారేదానికి లేదు మేడమ్. ఈడ నేను ప్రకాష్ అయిపోతిని."

ఆవిడ గేటు పట్టుకుని మరీ నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు. గుండెల మీద నుంచి ఎవరో ఇనప బీరువా దించినట్టయింది. మారతానని ఊరంతా చాటినప్పటి నుంచీ, మారక తప్పదేమోనని లోపల ఎంత బెదిరిపోయి ఉన్నానో అప్పుడు తెలిసింది. ప్రకాష్ పేరుతో రాసిందంతా రేపు సొంత పేరుతో రాసుకు రమ్మని చెప్పి ఆవిడ ఆటో ఎక్కారు.

ఇంటికెళ్లి నాయనకు ఎలా చెప్పాలా అని తెగ వణికాను. నేను చెప్పింది విని ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"పోనీలేరా. ఆ యూనివర్సిటీ పేరు చెప్పినపుడంతా నాకు నాలిక మెలిక పడతా ఉండాది."

మర్నాటి నుంచి కొట్టుకొచ్చినవాళ్లకు, ఆ యూనివర్సిటీ మా వాడికి నచ్చలేదని చెప్పుకున్నాడు. అమ్మ ఆ రాత్రి చేపల పులుసు ఇంకో గరిటె ఎక్కువ వడ్డించింది.

అంతా అయిపోయిందనుకున్నాను. ఆదివారం వేణు ఒక ఆజానుబాహుణ్ణి వెంటబెట్టుకుని మా కొట్టుకొచ్చాడు. అతనే అసలు ప్రకాష్. ఆ మనిషి భుజాలు చూసి నేను నాయన వెనక్కి జరిగాను. కొట్టడానికి రాలేదతను. మర్నాడు క్లాసుకెళితే శ్రీనివాసన్ సార్, జుట్టు మారిందేమిటి, కొంచెం ఒళ్లు చేశావేమిటి అని ప్రేమగా అడిగి, కాలేజీల మధ్య జరిగే ప్రోగ్రామింగ్ పోటీకి అతని పేరు ఇచ్చేశారట. అంతటి మనిషీ నా చేతులు రెండూ పట్టుకుని, అరవంలో బతిమాలాడు.

"ఆ రోజు నేనెలా ఉన్నానో, దయచేసి నన్ను మళ్లీ అలా చేసెయ్."

చేశాను. చాలా సాయంత్రాలు పట్టింది. పోటీలో అతను గెలవలేదు, కానీ అతను వచ్చాడన్నదే సార్‌కు పెద్ద బహుమతట.

ఆ ఆదివారమే, కొట్లో ఉన్న అద్దాలన్నిటి సాక్షిగా నేనొక ప్రమాణం చేశాను. ఇకమీదట ఈ భూమ్మీద ఎవరి పేరు ఎవరు పిలిచినా నేను పలకను. నా పేరే పిలిచినా సరే, ముందు చుట్టూ ఒకసారి చూసి, ఆ పేరుగలవాడు అక్కడ ఇంకెవడూ లేడని రూఢి చేసుకున్నాకే పలుకుతాను.