ఉరిమితే ఆగిపోయే క్లస్టర్

ఉరుము వినిపిస్తే చాలు, మా అత్త మెయిన్ స్విచ్ ఆపేస్తుంది. ఎప్పుడో పిడుగుపాటుకు కొత్త టీవీ మాడిపోయినప్పటి నుంచీ ఆమెకది నియమం. మా దీవుల్లో, ఈ డెలానీపూర్‌లో వానాకాలం ఎంత సాగుతుందో తెలిసినవాళ్లకు నా అవస్థ వేరే చెప్పక్కర్లేదు.

శిక్షణ చివర పెట్టే పరీక్ష గట్టెక్కితే ఇంటి నుంచే పని చేసుకోమంది నన్ను కొత్తగా తీసుకున్న చెన్నై కంపెనీ. లేదంటే అక్కడికే వెళ్లాలి. మా ఆయన ఉద్యోగం ఇక్కడి ఓడలరేవు హాడో జెట్టీలో, ఆయన కదల్లేడు. కొత్తగా పెళ్లయిన వాళ్లం, నేనక్కడ, ఆయనిక్కడ ఉండాలి. ఆ మాట తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

అభ్యాసాల కోసం నా లాప్‌టాప్‌లోనే ఒక క్లస్టర్ కట్టుకోవాలి. ఒక్క కంప్యూటర్నే నాలుగైదింటిలా నడిపిస్తూ, కంటైనర్లనే డబ్బాల్లో ప్రోగ్రాములు సర్ది, ఒకటి చస్తే దాని బదులు ఇంకొకటి దానంతటదే లేచేలా చూసే ఏర్పాటది. వినడానికి బాగానే ఉంటుంది. ఫోన్ నెట్‌తో ఆ డబ్బాలు దిగేసరికే ఓ పూట గడిచేది. హమ్మయ్య అనుకునేలోగా ఎక్కడో ఉరిమేది, అత్త చెయ్యి స్విచ్ మీదికి వెళ్లేది. లాప్‌టాప్ బ్యాటరీ ఏనాడో పోయింది. కొత్తది తెప్పిద్దామంటే బ్యాటరీలు మా దీవులకు పంపరట. తెర నల్లబడేది. కరెంటు వచ్చాక చూస్తే క్లస్టర్ సగం లేచి సగం మొరాయించేది. అంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి కట్టుకునేదాన్ని.

"ఒక్క గంట ఆగలేవా అత్తా?" అని ఓ రోజు అరిచేశాను.

"ఏటే ఆ అరుపులు? బిజిలీ పడితే నా ఫ్రిజ్జు నువ్వు తెస్తావేటి?"

ఆమె వాడకట్టులో అమ్మే చేపలన్నీ వంటింట్లోని ఆ ఫ్రిజ్‌లోనే ఉంటాయి. దెబ్బలాడే ఓపిక కూడా లేక మళ్లీ కట్టుకోవడానికి కూర్చున్నాను.

పరీక్ష రోజు పొద్దున్నే మబ్బు కమ్మింది. వీడియోలో చూస్తున్న శిక్షకుడు, నడుస్తున్న డబ్బా ఒకదాన్ని చంపి చూపించమన్నాడు. సరిగ్గా అప్పుడే ఉరిమింది. అయిపోయింది నా పని అనుకుని మెయిన్ వైపు చూశాను. అత్త దాని పక్కనే గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఆపెయ్యవా?" మైకు మూసి అడిగాను.

"జానే దో, పోతే పోనీ. నువ్వు చెన్నై ఎల్లిపోతే నానెవులితో దెబ్బలాడాల?"

డబ్బాను చంపాను. దాని చోట కొత్తది లేచింది. సరే, పాసయ్యారన్నాడు శిక్షకుడు. సంతోషించే శక్తి లేక కుర్చీలో వెనక్కి వాలాను. అప్పుడు పడింది పెద్ద పిడుగు. వంటింట్లో టప్‌మని చప్పుడైంది. నా చార్జర్ ఎలా బతికిందో దేవుడికే తెలియాలి.

ఆ సాయంత్రం అత్త చేపలన్నీ ఇరుగుపొరుగు ఇళ్లకు ఊరికే పంచిపెట్టింది. ఏమిటి విశేషమని అడిగిన వాళ్లకల్లా "మా కోడలు పాసైనాది" అని చెప్పింది. ఫ్రిజ్ మాట ఎత్తనే లేదు.