బాయిలో తెల్లన, బయట పచ్చన

నా పళ్ల సంగతి ముందే చెప్పేస్తాను. మా ఊరి చేదబావి నీళ్ల పుణ్యాన అవి పచ్చన. ఉత్త పచ్చన కాదు, నేను నోరు తెరిస్తే బంతితోటలో తేనెటీగలు పని మానేసి నా వైపు వచ్చేవి. పొగాకు మాత్రం జన్మలో నమలలేదు.

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో బొగ్గు నింపే పనికి కుదిరాను. మా దగ్గర గనిని బాయి అంటారు. బాయిలోంచి పైకొచ్చిన మనిషి నెత్తి నుంచి గోటిదాకా బొగ్గే. ఆ నలుపులో ఎవరి పళ్లైనా మల్లెమొగ్గలే. సరిగ్గా అలాంటి వేళ, సంబంధాలు కుదిర్చే మా కాక బాయి దగ్గరికొచ్చి నా నవ్వు చూశాడు. చూసినవాడు ఊరుకున్నాడా? నేరుగా నస్పూర్ పోయి ఒక పిల్ల తండ్రితో, మా పిలగానికి బాయిల లైటు అక్కర లేదు, నోరు తెరిస్తే చాలని చెప్పొచ్చాడు.

ఆ తండ్రి పొగాకు నమిలే అల్లుడు వద్దంటే వద్దని భీష్మించుకున్నవాడు. పచ్చపళ్లు కనబడితే చాలు, సంబంధం గోదాట్లో కలిసేది. ఆ పిల్లను నేను ఒకసారి బస్సులో చూసి ఉన్నాను. సీటు కోసం ఆమె పోట్లాడిన తీరు చూస్తూ నా స్టాపేమిటి, మంచిర్యాలే దాటిపోయాను. వదులుకోవడం నా వల్ల కాదు.

కాబట్టి బజారులో మేడమీది పండ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. కింద అరటిపండ్ల బండి అతను 'పండ్ల డాక్టరు' అన్న ఆ బోర్డును తన గిరాకీ మీద కుట్ర అనుకునేవాడు. డాక్టరు నిజాయితీపరుడు. పసుపు కొంత తగ్గుతుందనీ, నీళ్ల మచ్చలు మొత్తం పోవనీ, కొన్నాళ్లు వేడీ చల్లనా తాకితే జివ్వుమంటుందనీ ముందే చెప్పాడు. నా చెవుల్లో నస్పూర్ బ్యాండుమేళం మోగుతోంది, ఏం వినబడుతుంది?

ముందు గీకాడు. రోజూ మేం బొగ్గును తవ్వుతాం, ఆ రోజు నన్ను తవ్వారు. తర్వాత ఏదో మందులో ముంచిన దూది పళ్లకు అంటించి, మొహం మీదికి ఒక దీపం దించాడు. రోహిణి ఎండ దాని ముందు వెన్నెల. లేచి అద్దంలో చూసుకుంటే చిగుళ్లు బ్రహ్మాండంగా తెల్లబడ్డాయి. పళ్లు మాత్రం పసుపు నుంచి మజ్జిగపులుసు రంగుకు దిగి అక్కడే ఆగాయి. మధ్యలో సున్నం చిలకరించినట్టు చుక్కలు తేలాయి, అంతకుముందు అవి ఉన్నట్టే తెలియదు. డాక్టరు చుక్కలు నెమ్మదిగా కలిసిపోతాయని, ఇంకోసారి రమ్మని అన్నాడు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను. ఆనాటి నుంచి గోదావరి మీద గాలి లేస్తే నదికన్నా ముందు నా ముందుపళ్లకు తెలిసేది.

ఆ పళ్లతోనే, పెదాలు బిగించుకుని నస్పూర్ వెళ్లాను. మాటలన్నీ కాకవే. ఇంతలో పొగలు కక్కే చాయ్ వచ్చింది. ఒక గుటకకే మెరుపు మెడదాకా దిగింది. కప్పు కింద పెట్టాను. పిల్ల తండ్రి చాయ్ ఎందుకు తాగట్లేదని అడిగాడు.

"మావోడు చాయ ముట్టడు బావా," అన్నాడు కాక. "గసొంటి అలవాట్లు లెవ్వు."

పళ్ల మీద అబద్ధమంటే ఎలాగో మోసేవాణ్ణి. చాయ్ లేకుండా అల్లుడిగా బతకడమా? బాయిలో దిగేముందు చాయ్, ఎక్కింతర్వాత చాయ్, మా ఒంట్లో తిరిగే నెత్తురే చాయ్. కప్పు ఎత్తి మొత్తం తాగేశాను. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా నోరు బార్లా తెరిచి చూపించాను.

"చూడుండ్రి. పచ్చగనే ఉంటయ్. ఊరి నీళ్లతోని అయినయ్, పొగాకుతోని కాదు. మసి మొఖంల తెల్లగ కనవడితె కాక గట్ల చెప్పిండు. డాక్టరు కాడికి వొయ్యొచ్చిన, గింతే అయినయ్. ఇగ మల్ల పోను."

కాక గొంతులో చాయ్ అడ్డంపడింది. తండ్రి నా నోట్లోకి వంగి చూసి, వాసన కూడా చూశాడు. చాయ్ వాసనే. తలుపు వెనక నుంచి, బస్సులో పోట్లాడిన ఆ గొంతే తల్లితో అనడం వినబడింది.

"అవ్వా, మొఖం కడుక్కోకుంట వస్తె అయిపోతుండె గదా, ఎందుకు గీకిచ్చుకున్నడో అడుగు."

తండ్రి నవ్వాడు. అంతే, కుదిరింది.

కాపురానికొచ్చిన కొత్తలో నేను షిఫ్టు దిగి వచ్చి బకెట్లో చెయ్యి పెట్టబోతే ఆమె బకెట్ అవతలికి జరిపేది. "ఆగు, ముందు నవ్వు," అనేది. నవ్వేవాణ్ణి. తర్వాతే నీళ్లు. ఇప్పటికీ పళ్లు తెల్లగా చేయించుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వాళ్లకు కడుక్కున్న మొహంతోనే, పళ్లన్నీ కనబడేలా నవ్వి చూపిస్తాను.